తొమ్మిది రోజులుగా ఒకటే నోటీసు: గేమ్ వాళ్ళు మనతో ఎలా మాట్లాడాలి?

బెజవాడ_బుల్లెట్ | శనివారం, ఉదయం 6:52

అందరికీ నమస్తే. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇక్కడ రాస్తేనన్నా మనసు కుదుటపడుతుందేమో అని మొదలుపెట్టా. గేమ్ పేరు చెప్పను. మీలో సగం మంది ఏదో ఒక గేమ్‌లో ఇదే అనుభవించి ఉంటారు.

తొమ్మిది రోజుల క్రితం, రాత్రి 1:40. చివరి సర్కిల్, అంటే మ్యాచ్ ఆఖరి ఘట్టం. నాలుగు టీమ్‌లు మిగిలాయి, మా నలుగురం బతికే ఉన్నాం. ఉన్నట్టుండి స్క్రీన్ నిలిచిపోయింది. మూలన 38 ఉన్న పింగ్ (సర్వర్ జవాబుకి పట్టే మిల్లీసెకన్లు) 999కి పోయింది. హెడ్‌సెట్‌లో ముగ్గురూ ఒకేసారి "నాకూ పోయింది, నాకూ పోయింది" అంటున్నారు. మళ్ళీ లాగిన్ అయ్యేసరికి మేమే మ్యాచ్ మధ్యలో వదిలేసినట్టు లెక్కగట్టి ర్యాంక్ పాయింట్లు కోసేశారు. నలుగురివీ.

తెల్లారేసరికి ఒక నోటీసు వచ్చింది: "కొంతమంది ప్లేయర్లు ఎదుర్కొంటున్న సమస్య మా దృష్టికి వచ్చింది. పరిశీలిస్తున్నాం." ఈ రోజుకీ అదే నోటీసు, అక్షరం మారలేదు. ఈలోగా కొత్త డ్రెస్సుల గురించి మూడు పోస్టులు పెట్టారు. వాటి కింద కామెంట్లన్నీ సర్వర్ గురించే. ఒక్కదానికీ జవాబు లేదు.

పాయింట్లు వెనక్కి ఇవ్వలేమంటే ఇవ్వలేమనే చెప్పమనండి, నేను ఊరుకుంటా. అసలు ఎక్కడ చెడిందో దొరికిందా? ఇంకా వెతుకుతున్నారా? ఈ రాత్రి ఆడొచ్చా, వద్దా? ఇంత చెప్పడానికి ఏం కష్టం? గేమ్ నడిపేవాళ్ళు ఆడేవాళ్ళతో బాగా మాట్లాడిన సందర్భాలు మీకు తెలిస్తే చెప్పండి. అలాంటివి ఉన్నాయో లేవో నాకు తెలియాలి.

---

వరంగల్_స్నైపర్ | ఉదయం 7:30

అన్నా, సేమ్ టు సేమ్. మా స్క్వాడ్‌కి రెండుసార్లు అయింది.

నాకైతే ఏ సమస్య కన్నా ఏమీ తెలియకుండా ఉండటమే ఎక్కువ టెన్షన్. 2022 జులై 28న బీజీఎంఐని (పబ్జీ మొబైల్‌కి మన దేశం వెర్షన్) యాప్ స్టోర్ల నుంచి తీసేసినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నా. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ నిషేధంతో పోయింది కదా, మళ్ళీ అదే అవుతుందని భయం. గేమ్ ఉన్న పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బినా మార్చలేదు, డేటా పోతుందేమోనని. బీజీఎంఐ మళ్ళీ 2023 మేలో వచ్చింది, పది నెలలు పట్టింది. అప్పుడు నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి గేమ్ నడిపే క్రాఫ్టన్ వాళ్ళు తేదీ చెప్పలేరు, అది అర్థమైంది. మీ విషయంలో సర్వర్ వాళ్ళదే కదా అన్నా.

---

గిల్డ్_అక్క | ఉదయం 9:15

ఉన్నాయి తమ్ముడూ. నేను ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ ఆడతాను, ఆ కథ కొంచెం పెద్దది.

2010 సెప్టెంబర్ 30న ఆ గేమ్ విడుదలై ఘోరంగా దెబ్బతింది. ఆ డిసెంబర్‌లో నయోకి యోషిదా అనే నిర్మాతకి అప్పగించారు. ఆయన "నిర్మాత లేఖ" పేరుతో ఆడేవాళ్ళకి నేరుగా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఏం తప్పు జరిగింది, ఏం మారుస్తున్నాం, ఏది ఇప్పట్లో కాదు అన్నీ అందులో ఉండేవి. చివరికి 2012 నవంబర్ 11న పాత సర్వర్లు మూసేసి, 2013 ఆగస్టు 27న గేమ్‌ని మళ్ళీ కొత్తగా తెచ్చారు. ఆ ఉత్తరాలే తర్వాత లైవ్ కార్యక్రమాలయ్యాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేను కళ్ళారా చూసింది 2021 డిసెంబర్. ఎండ్‌వాకర్ అనే ఆ గేమ్ కొత్త భాగం విడుదలైన వారం. ఆఫీసు నుంచి రాగానే లాగిన్ నొక్కితే క్యూలో నా నంబర్ 4,312. అన్నం వండి, తిని, గిన్నెలు కడిగి వచ్చినా ఇంకా రెండు వేలు దాటి ఉంది. ఒక్కోసారి 2002 అనే ఎర్రర్ వచ్చి బయటికి తోసేసేది. ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు యోషిదా రాసిన పోస్టులు చదివాను. ఒక డేటా సెంటర్ (కొన్ని సర్వర్ల గుంపు) క్యూలో 17 వేల మందికి మించితే ఆ ఎర్రర్ వస్తుందని, ఎందుకు ఆ హద్దు పెట్టాల్సి వచ్చిందని వివరంగా రాశారు. ప్రపంచమంతా చిప్‌ల కొరత ఉండటం వల్ల కొత్త సర్వర్లు కొనాలన్నా దొరకడం లేదని చెప్పారు. ముందు 7 రోజులు, తర్వాత ఇంకో 14 రోజులు ఆడే గడువు ఉచితంగా ఇచ్చారు. కొత్తవాళ్ళు వచ్చి రద్దీ పెరగకుండా గేమ్ అమ్మకాలే కొన్నాళ్ళు ఆపేశారు. వచ్చే డబ్బు తామే వద్దనుకున్నారన్నమాట.

నా క్యూ నంబర్ ఒక్కటి కూడా తగ్గలేదు, కానీ కోపం తగ్గింది. ఏ ఎర్రర్ ఎందుకు వస్తుందో తెలిశాక గేమ్ తెరిచి పెట్టి నా పని నేను చేసుకునేదాన్ని.

---

నక్షత్ర_యాత్రికుడు | ఉదయం 10:02

నేను వేరేగా అంటాను. మాట్లాడటం తగ్గించి పని చేసేవాళ్ళే నయం.

నో మాన్స్ స్కై అనే అంతరిక్ష గేమ్ చూడండి. ఇంగ్లండ్‌లోని హలో గేమ్స్, పదిహేను మంది ఉన్న చిన్న టీమ్. విడుదలకు ముందు దాని అధిపతి షాన్ మర్రీ ఇంటర్వ్యూల్లో చెప్పిన వాటిలో చాలా 2016 ఆగస్టులో గేమ్‌లో లేవు. జనం మండిపడ్డారు. వాళ్ళు నోరు మెదపలేదు. నవంబర్‌లో ఫౌండేషన్ అనే అప్‌డేట్, 2018 జులైలో నెక్స్ట్ అప్‌డేట్‌తో సరైన మల్టీప్లేయర్, ఆ తర్వాత ఏటా ఏదో ఒకటి, అన్నీ ఉచితం. విడుదలప్పుడు స్టీమ్ అనే పీసీ గేమ్‌ల స్టోర్‌లో తిట్లతో నిండిన రివ్యూలు 2024 చివరికి మొత్తం లెక్కలో "చాలా సానుకూలం" స్థాయికి చేరాయి. ఆ ఎనిమిదేళ్ళూ వాళ్ళు ముందు తయారు చేసి తర్వాతే చెప్పారు.

మొదటిరోజు కొని మోసపోయానని ఏడ్చినవాణ్ణి నేను. ఇప్పుడు 600 గంటలు ఆడాను.

---

గిల్డ్_అక్క | ఉదయం 10:20

యాత్రికుడు గారూ, చేయబోయే పని గురించి చేసి చూపించాకే చెప్పడం మంచిదే. కానీ ఇక్కడ ఇల్లు కాలుతోంది. బుల్లెట్ తమ్ముడు అడిగింది వచ్చే ఏడాది ఏం కడతారని కాదు, ఇప్పుడు మంటలు ఆరాయా లేదా అని. ఆ మొదటి మూడు నెలలు హలో గేమ్స్ వాళ్ళ మౌనం మీకు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి.

---

నక్షత్ర_యాత్రికుడు | ఉదయం 10:31

నిజమే అక్కా. ఆ మూడు నెలలూ కంపెనీ మూసేశారనే అనుకున్నాను.

---

నైట్‌షిఫ్ట్_99 | మధ్యాహ్నం 12:48

అవతలి వైపు నుంచి నేను చెప్తాను. హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్‌కి మూడేళ్ళు కమ్యూనిటీ టీమ్‌లో పనిచేశాను. పేరు వద్దు.

మా పని ఇలా ఉండేది. షిఫ్ట్ ఎక్కగానే డిస్కార్డ్ చాట్, స్టోర్ రివ్యూలు, ఫేస్‌బుక్ కామెంట్లు చదివి ఒక షీట్‌లో ఎక్కించాలి. ఏ సమస్య, ఎంతమంది చెప్పారు, ఏ ఫోన్, ఏ వెర్షన్, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా. కోపంగా రాసినవి కూడా వదలకూడదు, ఎందుకంటే బూతుల మధ్యలోనే ఒక్కోసారి అసలు ఆనవాలు ఉంటుంది. ఒకతను మమ్మల్ని పది లైన్లు తిట్టి, చివర్లో "అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆగిపోతోంది" అని రాశాడు. మూడు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలో కాల్ వస్తే గేమ్ కుప్పకూలుతోందని మా వాళ్ళకి దొరికింది ఆ లైన్ వల్లే.

ఇక ఆ నోటీసు ఎలా పుడుతుందో వినండి. ఒక రాత్రి రీఛార్జ్ చేసినవాళ్ళకి జెమ్స్ (గేమ్‌లో వాడే డబ్బు) పడలేదు. డబ్బు కట్ అయింది. నేను పది నిమిషాల్లో ఇలా రాశాను: "ఈ రాత్రి 9 తర్వాత రీఛార్జ్ చేసిన కొందరికి జెమ్స్ చేరలేదు. తప్పు మా వైపే. రేపు సాయంత్రం 6 లోపు వేస్తాం."

అది ముందు ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్ళింది. ఆరు దాటితే మాట పోతుందని ఆయన టైమ్ తీసేశాడు. లీగల్ వాళ్ళు "తప్పు మా వైపే" అన్నది కొట్టేశారు. మార్కెటింగ్ వాళ్ళు, కొత్త ఆఫర్ నడుస్తున్నప్పుడు రీఛార్జ్ అనే మాటే కనిపించొద్దన్నారు. ఐదున్నర గంటల తర్వాత నా చేతికి తిరిగొచ్చింది ఇది: "కొంతమంది ప్లేయర్లు ఎదుర్కొంటున్న సమస్య మా దృష్టికి వచ్చింది. పరిశీలిస్తున్నాం."

బుల్లెట్ గారి పోస్టులో ఆ వాక్యం చూడగానే నా గుండె ఝల్లుమంది. మాటకు మాట అదే.

మర్నాడు సాయంత్రం 4కే జెమ్స్ అందరికీ పడ్డాయి. నేను రాసిన మొదటి నోటీసే వెళ్ళి ఉంటే మాట నిలబెట్టుకున్నవాళ్ళమయ్యేవాళ్ళం. ఈలోగా రాత్రంతా మూడు వందల మంది "దొంగలు" అని రాసినవి చదువుతూ కూర్చున్నాను.

తర్వాత మా లీడ్ ఒకావిడ కొత్త పద్ధతి పెట్టారు. "ఎప్పటికి బాగవుతుంది" అనే మాట ఇవ్వం. "మళ్ళీ ఎప్పుడు చెప్తాం" అనే మాట ఇస్తాం. ప్రతి నోటీసు కిందా "తర్వాతి సమాచారం ఉదయం 10కి" అని ఉండాలి. పదికి చెప్పడానికి ఏమీ లేకపోతే "ఇంకా కారణం దొరకలేదు, తర్వాతి సమాచారం సాయంత్రం 5కి" అని పెట్టాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని పైవాళ్ళతో ఒప్పించారు. రెండు నెలల్లో నా షీట్‌లో తిట్లు తగ్గడం నేనే చూశాను. బగ్‌లు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవి.

---

బెజవాడ_బుల్లెట్ | మధ్యాహ్నం 1:15

నైట్‌షిఫ్ట్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొన్న డ్రెస్సుల పోస్టు కింద నేనూ చాలా ఘాటుగా రాశాను. మీలాంటి వాళ్ళే అది చదివి ఉంటారు. ఆ కామెంట్ ఇప్పుడే తీసేశాను.

మా స్క్వాడ్‌లో ముగ్గురూ ఈ సాయంత్రం అందరం కలిసి ఒక్క స్టార్ రివ్యూలు పెడదాం అంటున్నారు. పెట్టాలా వద్దా?

---

జీటా_వ్యాపారి | మధ్యాహ్నం 2:40

డల్లాస్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఓడల గేమ్‌లో పాత ఆటగాణ్ణి, ఈ విషయంలో రెండు మాటలు చెప్పకుండా నిద్రపోలేను.

2011 జూన్‌లో ఇన్‌కార్నా అనే అప్‌డేట్ వచ్చింది. పాత్రకి పెట్టుకునే ఒంటికన్ను అద్దం ధర అరవై డాలర్ల పైచిలుకు. అంతలోనే కంపెనీ లోపలి పత్రిక ఒకటి, సీఈఓ మెయిల్ ఒకటి బయటపడ్డాయి. ప్లేయర్లు ఏమంటున్నారన్నది కాదు, ఏం చేస్తున్నారన్నది చూడాలని ఆ మెయిల్ సారాంశం. అంతే, జీటా అనే వ్యాపార కేంద్రంలో వేలమంది ఓడలేసుకుని చేరి అక్కడి విగ్రహాన్ని గంటల తరబడి కాల్చారు. నేనూ ఉన్నాను. ఒక చిన్న ఓడ, రెండు తుపాకులు. ఏం చేస్తున్నారో చూస్తామన్నారు కదా, చూపించాం.

ఆ కంపెనీ సీసీపీకి 2008 నుంచి ఒక పద్ధతి ఉంది. ప్లేయర్లు ఓటేసి ఒక మండలిని ఎన్నుకుంటారు, సీఎస్ఎం అంటారు. ఆ గొడవలో మండలి సభ్యుల్ని ఐస్‌లాండ్‌కి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ అక్టోబర్‌లో సీఈఓ హిల్మార్ తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. అదే నెలలో ఉద్యోగుల్లో ఐదో వంతు మందిని తీసేయాల్సి వచ్చింది. వాళ్ళలో చాలామందికి ఆ అద్దంతో సంబంధమే లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఇంకా ముందుకెళ్ళారు. 2007 నాటి గేమ్‌ని 2013 ఫిబ్రవరిలో మళ్ళీ తెరవాలా వద్దా అన్నదే ఓటింగ్‌తో తేల్చారు. ఆ తర్వాత కొత్తది ఏది చేర్చాలన్నా 75 శాతం ఒప్పుకోవాలి. ఇప్పుడు 70 చేశారు. వార్డింగ్ అనే కొత్త నైపుణ్యం 2019లో మూడింట రెండొంతుల దగ్గరే ఆగిపోయింది, పక్కన పెట్టేశారు. సెయిలింగ్ మాత్రం 2023లో నెగ్గింది. నెలల తరబడి చేసిన డిజైన్‌ని ఆడేవాళ్ళు వద్దన్నారని వదులుకోవడం చిన్న సంగతి కాదు.

బుల్లెట్ గారు అడిగిన రివ్యూల సంగతి. హెల్‌డైవర్స్ 2 అనే గేమ్ విషయంలో అది పనిచేసింది. 2024 మే 3న, పీసీలో ఆడేవాళ్ళు కూడా ప్లేస్టేషన్ ఖాతా కలపాల్సిందేనని ఆ గేమ్ అమ్మే సోనీ ప్రకటించింది. ఆ ఖాతా సౌకర్యమే లేని దేశాల్లోనూ గేమ్ అమ్మారు. మూడు రోజుల్లో రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, మే 6కి వెనక్కి తగ్గారు. అక్కడ జనం అడిగింది ఒకే ఒక్కటి: ఆ షరతు తీసేయండి. చదివినవాడికి ఏం చేయాలో ఇట్టే తెలిసింది. మీరు ఏం అడుగుతున్నారో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ స్టార్ చూసి వాళ్ళకి ఏమీ అర్థం కాదు.

---

వరంగల్_స్నైపర్ | మధ్యాహ్నం 3:05

ఓటింగ్ బాగుంది అన్నా, కానీ ఓటేసేది పాతవాళ్ళే కదా? నాలాంటి కొత్తోళ్ళకి ఆ ప్రశ్నే అర్థం కాదు. మా తమ్ముడు టెన్త్, వాడికి ఇంగ్లిష్ ప్యాచ్ నోట్స్ (అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే జాబితా) నేను చదివి చెప్పాలి.

---

సిక్కోలు_స్క్వాడ్ | సాయంత్రం 4:22

స్నైపర్ తమ్ముడూ, నేను చేసే పని అదే. మా ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రతి అప్‌డేట్‌కీ ప్యాచ్ నోట్స్ తెలుగులో రాసి పెడతాను. మొదట్లో మాటకు మాట తెలుగు చేస్తే ఎవరికీ ఎక్కలేదు. ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"ఈ గన్ దెబ్బ తగ్గించారు. ఇంతకుముందు నాలుగు తూటాలకి పడేవాడు ఇక ఐదుకి పడతాడు. దగ్గర్నుంచి కాలిస్తే తేడా తెలీదు, దూరం నుంచి తెలుస్తుంది."

"మెయింటెనెన్స్ మన టైమ్ ప్రకారం బుధవారం తెల్లవారుజామున 5:30 నుంచి 9:30. దానికి కాస్త ముందు ర్యాంక్ మ్యాచ్ మొదలుపెట్టకండి."

ఆ రెండోది రాయడానికి కారణం ఉంది. నోటీసులో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. మనకి ఐదున్నర గంటలు కలపాలి. అది తెలియక మా వాళ్ళు ఇద్దరు సరిగ్గా మెయింటెనెన్స్ ముందు మ్యాచ్ మొదలుపెట్టి పాయింట్లు పోగొట్టుకున్నారు. సర్వర్ వాళ్ళు చెప్పారు, కానీ మా వాళ్ళకి చేరలేదు. ఎంతోమంది మన పిల్లలు ఆడుతున్నారు, ఒక నాలుగు లైన్లు తెలుగులో పెడితే ఎంత మేలు.

---

వేదిక_నిర్వాహకులు | సాయంత్రం 5:10

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క విన్నపం. ఇందాక ఒక సభ్యుడు ఆ గేమ్ ఉద్యోగి ఒకరి సొంత ఇన్‌స్టా లింక్ పెట్టి "ఇక్కడ అడగండి" అన్నారు. ఆ పోస్టు తీసేశాం.

ఎందుకో చెప్తాం. 2010 జులైలో బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీ తమ వేదికలో అందరి అసలు పేర్లూ కనిపించేలా చేస్తామని ప్రకటించింది. భయం లేదని చూపించడానికి వాళ్ళ ఉద్యోగి ఒకరు తన పేరు బయటపెడితే, కాసేపటికే జనం ఆయన వివరాలు వెతికి తీసి పెట్టేశారు. మూడు రోజుల్లో ఆ ఆలోచన మానుకున్నారు. డెస్టినీ 2 తీసిన బంగీ సంస్థ కమ్యూనిటీ మేనేజర్‌ని ఒక ఆటగాడు ఫోన్లలో జాతి దూషణలతో వేధించి, ఇంటికి పిజ్జా కూడా పంపి భయపెట్టాడు. 2023లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు అతను దాదాపు 5 లక్షల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

మనతో మాట్లాడే మనిషిని భయపెడితే రేపు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. సపోర్ట్ టికెట్, అధికారిక డిస్కార్డ్ ఉన్నాయి, వాటిలోనే అడగండి.

---

నైట్‌షిఫ్ట్_99 | సాయంత్రం 5:34

నిర్వాహకులకి ధన్యవాదాలు. ఆ పనిలో ఉన్నప్పుడు మా అమ్మాయి ఫొటో ప్రొఫైల్‌లోంచి తీసేశాను నేను.

జవాబు వచ్చినంత మాత్రాన సరిపోదు అనడానికి ఇంకో ఉదాహరణ. 2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 గేమ్ మీద ఒకతను రెడిట్ అనే చర్చా వేదికలో అడిగాడు. డబ్బు పెట్టి కొన్నాక కూడా డార్త్ వేడర్ అనే పాత్రని తెరవడానికి 60 వేల క్రెడిట్లు (గేమ్‌లో డబ్బు) ఎందుకు సంపాదించాలని. ఆ గేమ్ తెచ్చిన ఈఏ సంస్థ వాళ్ళు త్వరగానే జవాబిచ్చారు. కష్టపడి తెరిస్తే గర్వంగా, సాధించినట్టు ఉంటుందని ఆ జవాబు. దానికి 6 లక్షలకు పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదని వేసే ఓట్లు) పడి గిన్నిస్ రికార్డులకెక్కింది. మర్నాడు 60 వేలు 15 వేలకి తగ్గించారు, విడుదలకు ముందురోజు గేమ్‌లో కొనుగోళ్ళే ఆపేశారు. అడిగినవాడు డబ్బు గురించి అడిగితే వీళ్ళు అనుభూతి గురించి చెప్పారు. మా శిక్షణలో ఆ జవాబు తెర మీద వేసి చూపించేవారు.

బుల్లెట్ గారూ, రివ్యూ పక్కన పెట్టి ముందు టికెట్ సరిగ్గా రాయండి. తేదీ, మన టైమ్, మ్యాచ్ ఐడీ, నలుగురి ప్లేయర్ ఐడీలు, ఎవరెవరు ఏ నెట్ మీద ఉన్నారు. ముఖ్యంగా నెట్. నలుగురూ నాలుగు నెట్‌ల మీద ఉండి ఒకే క్షణంలో పడిపోతే తప్పు మీ వైపు లేదని అవతలివాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

---

బెజవాడ_బుల్లెట్ | రాత్రి 8:47

ముగ్గురినీ కూర్చోబెట్టి రాశాం. నేను ఫైబర్, ఒకడు గుంటూరు హాస్టల్ వైఫై, ఇద్దరు రెండు వేర్వేరు కంపెనీల మొబైల్ డేటా. నలుగురికీ 1:40కే పడిపోయింది. ఒకడి దగ్గర స్క్రీన్ రికార్డింగ్ కూడా ఉంది, అదీ జతచేశాం. చివర్లో ఒక్క వాక్యం పెట్టాం: "దీనికి కారణం దొరికిందో లేదో మాత్రం చెప్పండి, పాయింట్ల సంగతి తర్వాత చూద్దాం."

---

బెజవాడ_బుల్లెట్ | సోమవారం, ఉదయం 11:20

జవాబు వచ్చింది. ఎవరో మనిషే రాశారు, రెడీమేడ్ వాక్యం కాదు. ఆ రాత్రి ఒక సర్వర్ మెషీన్ ఆగిపోయిందట, మా మ్యాచ్ దాని మీదే నడిచింది. కారణం దొరికింది, సరిచేశారు. కానీ పాయింట్లు కోసే లెక్కలో సర్వర్ తప్పునీ ప్లేయర్ తప్పునీ వేరుచేసే ఏర్పాటు ఇంకా లేదన్నారు. దానిమీద పనిచేస్తున్నామని, గురువారం సాయంత్రం మళ్ళీ రాస్తామని చెప్పారు. పాయింట్లు ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు.

నోటీసు ఇంకా మార్చలేదు. ఇదే మాట అక్కడ అందరికీ పెట్టమని తిరిగి రాశాను. ఆ రాత్రి ఇదే టైమ్‌కి పడిపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా ఇక్కడ?

---

వరంగల్_స్నైపర్ | ఉదయం 11:41

మాది కూడా అదే రాత్రి అన్నా, 1:38కి. మ్యాచ్ ఐడీ స్క్రీన్‌షాట్ ఉంది. క్లాస్ అయ్యాక టికెట్ వేస్తా, మీ టికెట్ నంబర్ కూడా అందులో రాస్తా.

---

సిక్కోలు_స్క్వాడ్ | మధ్యాహ్నం 12:05

బుల్లెట్ గారూ, వాళ్ళు రాసిన జవాబులో సర్వర్ గురించి ఉన్న భాగం తెలుగులో మా గ్రూపులో పెట్టొచ్చా? మా వాళ్ళు ఆరుగురు అదే రాత్రి గురించి అడుగుతున్నారు.